'నో ఆప్షన్' కాలు ఎవరిది?

మా చిన్న మేనమామ కుడికాలు మోకాలి కింద తీసేసిన రోజు నేను ల్యాబ్‌లో రక్తనాళాలు పెంచుతున్నాను.

రక్తనాళాల మీద పీహెచ్‌డీ చేసేవాళ్లకు ఇది మామూలు పని. కాన్పు తర్వాత ఆసుపత్రిలో పారేసే బొడ్డుతాడును తల్లి అనుమతితో తెచ్చుకుంటాం. అందులోని సిర లోపలి పొర నుంచి కణాలు వేరు చేస్తాం. 1973 నుంచీ ప్రపంచమంతా వాడుతున్న పద్ధతి ఇది. ఆ కణాలను జిగురులాంటి పదార్థం మీద పరిచి, వీఈజీఎఫ్ అనే ప్రొటీన్ కలిపి రాత్రికి ఇంక్యుబేటర్‌లో పెడతాం. తెల్లారి చూస్తే విడివిడిగా ఉన్న కణాలు ఒకదాన్నొకటి అందుకుని, గొట్టాల్లా సాగి, వలలా అల్లుకుని ఉంటాయి. ఎన్నిసార్లు చూసినా విసుగు రాదు. ఊళ్లో బొడ్డు కోసే పనిని మైల పని అని కింది కులాల ఆడవాళ్లకు అంటగట్టారు. అదే బొడ్డుతాడు ల్యాబ్‌లోకి వచ్చేసరికి విలువైన నమూనా అయింది. ఈ సంగతి మా ల్యాబ్‌లో నాకు తప్ప ఎవరికీ గుర్తు రాదు.

ఆ పొద్దున ఆ వలను ఫొటో తీస్తుంటే అత్త ఫోన్ చేసింది. "ఆపరేషన్ అయింది బిడ్డా. ఇగ నొప్పి ఉండదంటున్నరు" అంది. కాసేపు ఆగి, "నువ్వు సదివేది నరాల సదువే గదా? నీకు ముందే చెప్తే ఏమన్న అయ్యేదా?" అని అడిగింది.

మా దిక్కు రక్తనాళాన్ని కూడా నరమే అంటారు. అత్త అడిగింది సరైన ప్రశ్నే. ఫోన్‌లో ఏదో సర్దిచెప్పాను. అసలు జవాబు ఇక్కడ రాస్తున్నాను.

కేస్ షీట్ మీద రెండు ముక్కలు

మామ హమాలీ. పదహారేళ్ల వయసు నుంచి మార్కెట్ యార్డులో బస్తాలు మోశాడు. రోజుకు రెండు కట్టల బీడీలు తాగేవాడు. నలభై ఒకటో ఏట నడుస్తుంటే పిక్క పట్టేయడం మొదలైంది. కాసేపు కూర్చుంటే తగ్గేది, మళ్లీ నడిస్తే వచ్చేది. ఊరి ఆర్‌ఎంపీ "నరాల బలహీనత" అని బలానికి సూదులు వేశాడు. రెండేళ్లు అవే సూదులు. తర్వాత బొటనవేలికి చిన్న దెబ్బ తగిలింది. మానలేదు, నల్లబడింది. ఏరియా ఆసుపత్రి వాళ్లు జిల్లా ఆసుపత్రికి, వాళ్లు నగరంలోని పెద్దాసుపత్రికి పంపారు. అక్కడ వయసు, బీడీలు, వేలి రంగు చూసి బర్జర్స్ వ్యాధి అన్నారు.

పొగాకు వల్ల కాళ్లు, చేతుల చివర ఉండే చిన్న, మధ్యస్థ రక్తనాళాలు వాచి, లోపల రక్తం గడ్డకట్టి మూసుకుపోయే జబ్బు ఇది. 1908లో న్యూయార్క్‌లో లియో బర్జర్ దీన్ని వివరంగా వర్ణించాడు. ఇవాళ పశ్చిమ దేశాల్లో అరుదైపోయింది. బీడీ తాగి రెక్కలు ముక్కలు చేసుకునే దక్షిణాసియా కష్టజీవుల్లో మాత్రం ఇంకా కాళ్లు తీసుకుపోతూనే ఉంది.

మామ కేస్ షీట్ చివర్న ఇంగ్లిష్‌లో రెండు ముక్కలు రాశారు: నో ఆప్షన్. అంటే వేరే దారి లేదు, కాలు తీసేయడమే. యాంజియోగ్రామ్ తీయకుండానే ఆ మాట రాశారు. మిషన్ పనిచేయట్లేదు, బయట తీయించుకు రమ్మన్నారు. బయట ధర విని అత్త తిరిగొచ్చింది. మూడు రోజుల్లో పాదమంతా నల్లబడింది.

ఆ రెండు ముక్కలు నాకు కొత్తవి కావు. నా పరిశోధన ప్రతిపాదన మొదటి పేరాలో నేనే రాశాను. 'నో ఆప్షన్ పేషెంట్' అనేది మా రంగంలో స్థిరపడిన సాంకేతిక పదం. బైపాస్ ఆపరేషన్ గానీ, బెలూన్‌తో నాళం తెరవడం గానీ శారీరకంగా సాధ్యం కాని రోగి అని దాని అర్థం. జన్యువును ఎక్కించి కొత్త రక్తనాళాలు మొలిపించే ప్రయోగాలు ముప్పై ఏళ్లుగా ఎక్కువగా ఇలాంటి రోగుల మీదే జరుగుతున్నాయి.

నా వాదన ఒక్కటే. మన దేశంలో ఈ పదం అబద్ధం చెబుతోంది. ఇక్కడ ఎన్నో కాళ్లకు దారి మూసేసింది శరీర నిర్మాణం కాదు, కులం, కూలి, దూరం. ఆ తేడా తేల్చకుండా ఈ చికిత్సను ఇక్కడి మనుషుల మీద పరీక్షిస్తే, వెలివాడను పరీక్షాశాల చేసినట్టే.

ముప్పై ఏళ్ల ఆశ, ముప్పై ఏళ్ల లెక్క

ముందు సైన్సుకు దక్కాల్సిన గౌరవం దానికి ఇద్దాం. కండరానికి రక్తం చాలకపోతే ప్రాణవాయువు తగ్గుతుంది. ఆ లోటును కణం పసిగట్టి, వీఈజీఎఫ్ లాంటి జన్యువులను మేల్కొలుపుతుంది. అప్పుడు పక్కనున్న నాళాల నుంచి కొత్త కొమ్మలు మొలుస్తాయి. కణం ప్రాణవాయువును ఎలా పసిగడుతుందో కనిపెట్టినందుకే 2019లో ముగ్గురు శాస్త్రవేత్తలకు నోబెల్ ఇచ్చారు. కొత్త నాళాలు మొలిస్తేనే కేన్సర్ గడ్డ పెరుగుతుందని జుడా ఫోక్‌మన్ 1971లోనే వాదించాడు. 1989లో వీఈజీఎఫ్ జన్యువు చేతికొచ్చాక పరిశోధన రెండు దారులు పట్టింది. కేన్సర్ వాళ్లు దాన్ని అడ్డుకునే మందు చేశారు. బోస్టన్‌లో జెఫ్రీ ఇస్నర్ అనే గుండె వైద్యుడు తిరగేసి ఆలోచించాడు: ఎండిపోతున్న కాలికి ఈ జన్యువునే అందిస్తే?

1994లో ఆయన బృందం మొదటి రోగికి ఆ జన్యువును ఎక్కించింది. 1996లో లాన్సెట్ పత్రికలో 71 ఏళ్ల ఒక మహిళ గురించి ప్రచురించారు. నాలుగు వారాల తర్వాత తీసిన యాంజియోగ్రామ్‌లో కొత్త నాళాలు కనిపించాయి. కాలు వాచింది, చర్మం మీద సాలెగూడులాంటి ఎర్రని మచ్చలు కూడా వచ్చాయి. అయినా ప్రపంచం ఉప్పొంగింది. దీనికి వాడే వస్తువు ప్లాస్మిడ్, అంటే గుండ్రటి డీఎన్‌ఏ ముక్క. దాన్ని పిక్క కండరంలోకి సూదితో ఎక్కిస్తే కొన్నాళ్లపాటు కండరమే మందు తయారుచేసుకుంటుంది. ఆలోచన అంత సరళం, అంత అందం.

తర్వాత లెక్కలు వచ్చాయి. 1999లో పెన్సిల్వేనియాలో వేరే జబ్బుకు జరిగిన జన్యు చికిత్స ప్రయోగంలో జెస్సీ గెల్సింగర్ అనే 18 ఏళ్ల కుర్రాడు చనిపోయాడు. దాంతో అమెరికాలో ఈ రంగమంతా నిలబడిపోయి తనను తాను తనిఖీ చేసుకోవాల్సి వచ్చింది. కాళ్ల విషయంలో ఎఫ్‌జీఎఫ్ అనే మరో జన్యువుతో జరిగిన చిన్న ట్రయల్‌లో పుళ్లు మానడంలో తేడా లేకపోయినా కాళ్లు తీసేయాల్సిన అవసరం తగ్గినట్టు కనిపించింది. అదే మందును 30 దేశాల్లో 525 మంది మీద టమారిస్ అనే పెద్ద ట్రయల్‌లో పరీక్షించారు. 2011లో ఫలితం వచ్చింది. ఏడాది లోపల కాలు పోవడమో ప్రాణం పోవడమో జరిగింది ఉత్తి సూది తీసుకున్నవాళ్లలో 33 శాతం, మందు తీసుకున్నవాళ్లలో 36 శాతం. ఉపయోగం లేదు.

అదే ఏడాది రష్యా ఒక వీఈజీఎఫ్ ప్లాస్మిడ్‌కు అనుమతి ఇచ్చింది. 2019లో జపాన్ హెచ్‌జీఎఫ్ జన్యువు ఉన్న కొలాటెజీన్‌కు షరతులతో అనుమతి ఇచ్చింది. అప్పట్లో ఒక్కో మోతాదు ధర సుమారు ఆరు లక్షల యెన్‌లు ఉండేది. పూర్తి అనుమతి కోసం పెట్టుకున్న దరఖాస్తును 2024లో కంపెనీయే వెనక్కి తీసుకుంది. మన దేశంలో ఇదే లక్ష్యంతో బెంగళూరు కంపెనీ తయారుచేసిన మూలకణాల మందుకు బర్జర్స్ రోగుల కోసం 2016లో పరిమిత అనుమతి వచ్చింది. అది జన్యు చికిత్స కాదు, కానీ చూస్తున్నది అదే కాలి వైపు. 2019లో ఐసీఎంఆర్ జన్యు చికిత్సలకు జాతీయ మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. అంటే తలుపు తెరిచే ఉంది. ఇవాళ కాకపోతే రేపు ఈ సూది మన జిల్లాలకు వస్తుంది.

ఎందుకు విఫలమైంది? పల్లెలో పెరిగినవాళ్లకు ఒక్క మాటలో చెప్పొచ్చు. చెరువు తూము మూసుకుపోయాక పొలంలో ఎన్ని పిల్లకాలువలు తవ్వినా మడి తడవదు. వీఈజీఎఫ్ మొలిపించేవి ఎక్కువగా సన్నటి కేశనాళికలు. అవీ కారే నాళాలే. ఈ ప్రొటీన్‌ను మొదట గుర్తించింది నాళాలను కారేలా చేసే గుణంతోనే. పైనున్న ధమని మూతపడితే ఈ పిల్లకాలువలకు నీళ్లెక్కడివి? పైగా ట్రయల్‌కు వచ్చేసరికి చాలా కాళ్లు చివరి దశలో ఉంటాయి. పాదం ఒంటికి ఆయకట్టు చివరి మడి. ఊళ్లో ఆయకట్టు చివరి మడి ఎవరిదో వేరే చెప్పాలా?

కాలు ఎక్కడ పోతుంది?

కాలు ఆపరేషన్ టేబుల్ మీద పోదు. చాలా ముందే, ఒక్కో మెట్టు దగ్గర కొంచెం కొంచెంగా పోతుంది.

మా అమ్మ బీడీలు చేస్తుంది. చేట ఒళ్లో పెట్టుకుని, మెడ వంచి, రోజుకు వెయ్యి బీడీలు చుడితే ఇల్లు గడుస్తుంది. ఎండాకాలం అడవిలో తునికాకు కోసేది ఆదివాసీలు. ఆ ఆకు కత్తిరించి బీడీ చుట్టేది నిజామాబాద్, జగిత్యాల ఇళ్లలో దళిత, బీసీ, ముస్లిం ఆడవాళ్లు. మధ్యప్రదేశ్‌లో సాగర్, బెంగాల్‌లో ముర్షిదాబాద్, సరిహద్దు దాటితే బంగ్లాదేశ్‌లోని రంగ్‌పూర్. తాగేది హమాలీలు, రిక్షావాళ్లు, ఇటుక బట్టీల కూలీలు. ఆకలిని, అలసటను చంపుకోవడానికి అందరికన్నా చవగ్గా దొరికే వస్తువు అది. అడవి నుంచి పిక్క దాకా ఈ గొలుసులో ప్రతి చేయీ మనదే. లాభం మాత్రం మనది కాదు. బర్జర్స్‌కు పుస్తకాల్లో చెప్పే మొదటి చికిత్స ఏ జన్యువూ కాదు, పొగాకును పూర్తిగా మానడం. గ్యాంగ్రీన్ రాకముందే మానేసినవాళ్లలో ఎక్కువమందికి కాలు నిలబడుతుంది. మామకు ఆ రెండేళ్లలో ఎవరూ ఆ మాట గట్టిగా చెప్పలేదు. సూది వేసిన ఆర్‌ఎంపీ కూడా బీడీ తాగుతూనే వేశాడు.

డయాబెటిస్ వైపు చూడండి. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ సర్వే అంచనా ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉంది. షుగర్ పాదాన్ని రెండు వైపుల నుంచి కొడుతుంది: రక్తం తగ్గిస్తుంది, స్పర్శ పోగొడుతుంది. ముల్లు గుచ్చుకున్నా తెలియదు. స్పర్శ లేని పాదాన్ని కాపాడటం ఎలాగో వెల్లూరులో కుష్ఠు రోగుల మధ్య పనిచేసిన పాల్ బ్రాండ్ ఎన్నడో చూపించాడు. కుష్ఠులో వేళ్లు వాటంతటవి కుళ్లి రాలిపోవు, నొప్పి తెలియక తగిలే దెబ్బలతో పోతాయి. మెత్తని రబ్బరు అట్ట వేసిన చెప్పు ఉంటే చాలా పుళ్లు రావు. షుగర్ పాదానికీ ఇదే సూత్రం.

చెప్పు! ఈ దేశంలో చెప్పు కుట్టింది మాదిగ, చమార్, చక్కిలియార్. ఊళ్లో పెద్దకులాల వీధి వచ్చేసరికి ఆ చెప్పు విప్పి చేతిలో పట్టుకుని నడిచిందీ వాళ్లే. లోకానికి పాదరక్ష ఇచ్చిన కులాలను పాదరక్ష లేకుండా నడిపించిన నాగరికత మనది. కాలు కాపాడే అతి చౌకైన సాంకేతికత మన చేతుల్లోనే పుట్టింది. అయినా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో షుగర్ రోగి పాదాన్ని ముట్టుకుని చూసేవాళ్లు అరుదు. ముట్టుకోవడం అనే మాట కావాలనే వాడుతున్నాను. పాదం పరీక్షకు పెద్ద యంత్రం అక్కర్లేదు. చెయ్యి వేసి నాడి చూడాలి. ఎవరి పాదం మీద ఎవరు చెయ్యి వేస్తారన్నది ఈ దేశంలో ఎన్నడూ వైద్య ప్రశ్న మాత్రమే కాదు.

ఇక పథకాలు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, 2018లో కేంద్రం తెచ్చిన ఆయుష్మాన్ భారత్ బీమా, రెండూ ప్రధానంగా ఆసుపత్రిలో చేరాక అయ్యే ఖర్చు చూస్తాయి. వాటివల్ల బతికినవాళ్లున్నారు, కాదనను. కానీ పాదం పరీక్ష, మెత్తని చెప్పు, బీడీ మాన్పించే సలహా, నెలనెలా మాత్రలు ఆసుపత్రిలో చేరితే జరిగేవి కావు. కాలు తీయడానికి ప్యాకేజీ ఉంటుంది. కాలును ముందే నిలబెట్టే ఈ చిన్న పనులకు ప్యాకేజీ ఉండదు. వాస్క్యులర్ సర్జన్లేమో నగరాల్లో ఉంటారు.

బర్జర్స్‌లో నాళం చివరంటా మూసుకుపోతుంది కాబట్టి చాలాసార్లు బైపాస్ కుదరదన్నది నిజమే. నేను చదువుకున్నదాన్ని దాచను. కానీ కుదరదని చెప్పాల్సింది యాంజియోగ్రామ్. మామ విషయంలో ఆ మాట చెప్పింది పాడైన మిషన్, అత్త కొంగున ఉన్న డబ్బు.

సంతకం ఎవరిది?

రేపు ఇలాంటి ట్రయల్ ఒకటి జిల్లా ఆసుపత్రికి వస్తుందనుకుందాం. కేస్ షీట్ల మీద నో ఆప్షన్ అని ఉన్నవాళ్లను పిలుస్తారు. మామలాంటివాళ్లే వస్తారు. మామకు సంతకం పెట్టడం వచ్చు. "కాలు ఉంటదంటె ఏదన్న చెయ్యుండ్రి" అని పెట్టేస్తాడు. సగం మందికి ఉత్తి సూదే పడుతుందని, ఇది చికిత్స కాదు పరీక్ష అని ఆ నొప్పిలో ఎవరు చెప్పినా వినపడదు. వేరే దారి మూసేసి, మిగిలిన ఒక్క దారిలోకి నడిచినవాణ్ని స్వచ్ఛందంగా వచ్చాడని రాసుకోవడం ఏ నీతి?

ఊహించుకుని భయపడుతున్నానని అనకండి. 2009లో ఖమ్మం జిల్లాలో, భద్రాచలం ఆదివాసీ హాస్టళ్లతో సహా, 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ ప్రాజెక్టు అది. గుజరాత్‌లోని వడోదరలోనూ జరిగింది. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తల తర్వాత 2010 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఆపేసింది. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణ కమిటీ చెప్పింది. టీకా మంచిదే కావచ్చు. కానీ తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు, హెడ్మాస్టర్లు అంగీకార పత్రాల మీద సంతకాలు పెట్టారని బయటపడింది. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఆ ప్రాజెక్టును కడిగేసింది. అక్కడ తేలిందేమిటంటే, మందు మంచిదా చెడ్డదా అన్న ప్రశ్న కన్నా ముందు, ఎవరి ఒంటి మీద ఎవరి సంతకం చెల్లుతుందన్న ప్రశ్న ఉంది.

2019 నాటి కొత్త మందుల, క్లినికల్ ట్రయల్స్ నియమాల్లో నష్టపరిహారం ఉంది, ట్రయల్ ముగిశాక మందు అందించే ఏర్పాటుకు చోటుంది, కొన్ని సందర్భాల్లో బలహీన వర్గాల అంగీకారాన్ని వీడియో తీయాలన్న నిబంధన ఉంది. ఇవన్నీ పోరాడితే వచ్చినవి, కాపాడుకోవాలి. కానీ కెమెరా సంతకాన్ని రికార్డు చేస్తుంది. ఆ సంతకం దాకా తోసుకొచ్చిన పదేళ్లను రికార్డు చేయదు.

టేబుల్ 1లో లేని గడి

ఏ ట్రయల్ పత్రం తెరిచినా మొదట కనిపించేది టేబుల్ 1. అందులో వయసు, లింగం, షుగర్ ఉందా, పొగ తాగుతారా, అన్నీ ఉంటాయి. మన దేశపు పత్రాల్లో కులం గడి ఉండదు.

అమెరికాలో 1993 నాటి చట్టం ప్రభుత్వ సొమ్ముతో జరిగే వైద్య పరిశోధనలో స్త్రీలను, మైనారిటీ జాతులను చేర్చి తీరాలంది. అక్కడ ఆసుపత్రి రికార్డుల్లో జాతి నమోదవుతుంది. అందుకే, ఇదే జబ్బులో నల్లజాతి రోగులకు కాలు తీసేయడం తెల్లవాళ్లకన్నా చాలా ఎక్కువని, అంతకుముందు నాళం తెరిచే ప్రయత్నం మాత్రం తక్కువని అంకెలతో రుజువైంది. లెక్కపెట్టారు కాబట్టి బయటపడింది. బయటపడింది కాబట్టి నిలదీయగలుగుతున్నారు. మన దగ్గర కులం అడగడం అనాగరికం అంటారు. కులాన్ని బట్టి బతుకు నిర్ణయించడం అనాగరికం కాదు, దాన్ని కాగితం మీద పెట్టడం అనాగరికం!

నా సినాప్సిస్‌లో మొదటి పేరా తిరగరాశాను. 'నో ఆప్షన్' పక్కన ఒక వాక్యం చేర్చాను: భారతదేశంలో ఈ వర్గీకరణ శరీర నిర్మాణం వల్లనా, చికిత్స అందకపోవడం వల్లనా అన్నది విడిగా తేల్చాలి. దాన్ని చదివిన సీనియర్ ఆచార్యుడు ఒకాయన ఎర్ర ఇంకుతో కొట్టేశాడు. "ధమనికి కులం ఉండదు. ఇది సైన్స్ థీసిస్, కరపత్రం కాదు" అన్నాడు.

ధమనికి కులం ఉండదు. నేనూ ఒప్పుకుంటాను. కానీ ధమని మూసుకుపోతోందని ఎవరికి నెలలో తెలుస్తుంది, ఎవరికి వేలు నల్లబడ్డాక తెలుస్తుంది అన్నదానికి కులం ఉంటుంది. ఆలస్యంగా వచ్చిన కాళ్లను మాత్రమే ట్రయల్‌లో చేరిస్తే ఫలితాలే తప్పుతాయి. అంటే ఇది సైన్సుకు బయటి రాజకీయం కాదు, ప్రయోగం రూపకల్పనలోనే లోపం. ఆ మాట ఆయనకు తోచలేదంటే ఆయన తెలివి తక్కువవాడని కాదు. ఆయన ఇంట్లో ఎవరి కాలూ అలా పోలేదు, అంతే. 2007లో ఎయిమ్స్‌లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల మీద వివక్షను థోరాట్ కమిటీ నమోదు చేసింది. ల్యాబుల్లో, ఎథిక్స్ కమిటీల్లో మనం ఎందుకు ఉండాలంటే మన ఉద్యోగాల కోసం మాత్రమే కాదు. కొన్ని ప్రశ్నలు మనం ఉంటే తప్ప పుట్టవు.

మనవాళ్లకు ఒక మాట

మన క్యాంపస్‌లలో ఇంకో వాదన వింటుంటాను. ఈ జన్యువులు, ప్లాస్మిడ్లు కార్పొరేట్ సైన్సు, మనకెందుకు, మనకు కావాల్సింది ప్రాథమిక వైద్యం అని. సగమే నిజం. మనకు చెప్పులు, వాళ్లకు జన్యువులు అనే పంపకానికి మనమే ఒప్పుకుంటే అది కూడా వర్ణ ధర్మమే.

బాబాసాహెబ్ ఈ విషయంలో మెత్తగా మాట్లాడలేదు. కాంగ్రెస్, గాంధీ అంటరానివాళ్లకు చేసిందేమిటో చర్చించిన 1945 నాటి పుస్తకంలో, యంత్రాలను తప్పుపట్టే గాంధీవాదాన్ని ఆయన ఉతికేశారు. యంత్రం వల్ల కీడు జరిగితే తప్పు యంత్రానిది కాదని, దాన్ని కొందరి సొత్తుగా మార్చిన సమాజానిదని ఆయన వాదన. ఆయన కాళ్ల సంగతి కూడా గుర్తుచేసుకోవాలి. రాజ్యాంగ ముసాయిదా పని జరుగుతున్న రోజుల్లో ఆయన షుగర్‌తో, కాళ్లలో నరాల నొప్పితో నిద్రలేని రాత్రులు గడిపారు. ఇన్సులిన్ తీసుకునేవారు. 1948 ఏప్రిల్‌లో ఆయన పెళ్లి చేసుకున్నది ఒక డాక్టర్‌ను. 1954లో నెలల తరబడి మంచం పట్టారు. ఈ రిపబ్లిక్‌ను నిలబెట్టిన మనిషి తన కాళ్ల మీద నిలబడటానికి అంత బాధపడ్డారు. ఆధునిక వైద్యాన్ని ఆయన వద్దనలేదు. మనం ఎందుకు వద్దనాలి?

కాబట్టి నేను ట్రయల్స్ ఆపమనడం లేదు. ఈ షరతులు పెట్టమంటున్నాను.

ఒకటి: యాంజియోగ్రామ్ లేకుండా, ట్రయల్‌తో సంబంధం లేని వాస్క్యులర్ సర్జన్ సంతకం లేకుండా ఎవరినీ 'నో ఆప్షన్' అనకూడదు. ఆపరేషన్‌తో కాలు నిలబడే అవకాశం ఉంటే ముందు అది ఉచితంగా చేయాలి.

రెండు: చేరిన వాళ్ల కులం, వృత్తి, మొదటి నొప్పికీ మొదటి నిపుణుడికీ మధ్య గడిచిన నెలలు టేబుల్ 1లో ఉండాలి. పేర్లు అక్కర్లేదు, అంకెలు కావాలి. ప్రభుత్వ పథకాల కింద తీసేసిన ప్రతి కాలికీ ఇదే లెక్క ప్రచురించాలి.

మూడు: ట్రయల్‌లోని ప్రతి రోగికీ, అసలు సూది పడినా ఉత్తి సూది పడినా, పొగాకు మాన్పించే వైద్యం, పాద సంరక్షణ, చెప్పులు, పనికి వెళ్లలేని రోజుల కూలి అందాలి. మందు పనిచేస్తే వాళ్లకు జీవితాంతం ఉచితంగా ఇవ్వాలి.

నాలుగు: ఎథిక్స్ కమిటీలో రోగుల సమాజం నుంచి వచ్చిన సభ్యులు ఉండాలి. టీ తాగి సంతకం పెట్టి వెళ్లే సభ్యత్వం కాదు, ఆపే అధికారం ఉన్న సభ్యత్వం.

ఎర్ర ఇంకుతో కొట్టేసిన ఆ వాక్యాన్ని నేను మళ్లీ రాశాను. డిఫెన్స్ రోజు దాన్ని సమర్థించుకోవడానికి సిద్ధంగానే ఉన్నాను.

అత్త అడిగిన ప్రశ్నకు జవాబు: అవునత్తా, ముందే చెప్తే అయ్యేది. నా సూదితో కాదు. పిక్క మొదటిసారి పట్టేసిన రోజే ఎవరైనా పాదం మీద చెయ్యి వేసి నాడి చూసి, బీడీ మాన్పించి ఉంటే అయ్యేది.

మొన్న ఊరికి వెళ్తే మామ మంచం మీద కూర్చుని ఉన్నాడు. "నీ మందు ఎప్పుడొస్తది రా? రెండో కాలుకన్న పనికొస్తదా?" అన్నాడు. "నా మందు దాకా ఎందుకు మామా, బీడీ మానితె ఆ కాలు ఉంటది" అన్నాను. మామ సరేనన్నట్టు తల ఊపాడు. అవతల అరుగు మీద అమ్మ చేట ఒళ్లో పెట్టుకుని వెయ్యి పూర్తిచేసే తొందరలో ఉంది. మా మాటలు వింది. చేతులు ఆపలేదు. ఆపితే ఆ పూట ఎలా గడుస్తుందో, ఏడేళ్లుగా రక్తనాళాల గురించి చదువుతున్న నేను చెప్పలేకపోయాను.

జై భీం.